ముద్ద నోటికి చేరేదాకా



కొద్ది మాసములుగా నకిరేకల్ చుట్టుపట్ల సంఘములకు వెళ్ళినప్పుడెల్లా ఒకే ప్రశ్న మాకు ఎదురవుతున్నది. "పెద్దాసుపత్రిలో డాక్టరు చీటీ మీద ఓటీ అని రాసిచ్చిండు అయ్యగారూ. అది ఇక్కడ యాడ దొరుకుతది?" అని అడుగుతున్నారు.

కట్టంగూరు వైపు ఒక ఇంటిలో ఐదేండ్ల బాబున్నాడు. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. మెదడుకు దెబ్బ తగిలి కాళ్ళు చేతులు బిగుసుకొనే సెరిబ్రల్ పాల్సీ అని వైద్యులు చెప్పారు. బాబుకు తెలివి ఉంది, పాట వింటే నవ్వుతాడు. కాని ముద్ద నోటికి చేర్చుకోలేడు. శాలిగౌరారం వైపు మరొక ఇంటిలో గీతపని చేసే సహోదరుడు తాటిచెట్టు మీద నుండి పడ్డాడు. వెన్నుపూస విరిగి నడుము క్రింది భాగము పని చేయదు. కేతేపల్లి వైపు ఇంకొక ఇంటిలో ఒక తల్లి పక్షవాతముతో కుడిచేయి పోగొట్టుకొంది. "నాకు ఒకరు తినిపించుడేంది, నన్ను తీసుకపోతే బాగుండు" అని ఏడుస్తున్నది.

ఈ ముగ్గురికీ వైద్యులు వ్రాసినది ఒకే మాట, ఓటీ. బాబు తల్లికి అది అర్థము గాక భయపడిపోయింది. "ఓటీ అంటే ఆపరేషన్ థియేటరే గద అయ్యగారూ! పిలగాన్ని కోస్తరా ఏంది?" అన్నది. వేదాంత పాఠశాలలో చదువుకొన్న మాకు ఓటీ అంటే పాత నిబంధన గుర్తుకు వస్తుంది! చీటీలోని ఓటీ అది గాదు, ఇది గాదు. దాని పూర్తి పేరు ఆక్యుపేషనల్ థెరపీ. దీనిలో కోయడము లేదు, సూది లేదు. మనము వైద్యులము కాము. అయినను ఇన్ని కుటుంబములు అడిగినందున, తెలిసినవారిని విచారించి తెలిసికొన్న సంగతులను ఈ నెల మీ ముందుంచుతున్నాము.

పేరులో ఉన్న చిక్కు

ఆక్యుపేషన్ అనగానే వృత్తి, ఉద్యోగము అని మనము తెలుగు చేసికొంటాము. కొన్ని పుస్తకములలో వృత్తి చికిత్స అని కూడా వ్రాస్తారు. అందువలన ఐదేండ్ల పిల్లవానికి వృత్తి ఎందుకు, మంచాన పడిన ముసలమ్మకు వృత్తి ఏమిటి అని అనుమానము కలుగుతుంది. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే తెల్లవారినది మొదలు ప్రొద్దుపోయేదాకా మనిషి చేసికొనే పనులన్నియు. పండ్లు తోముకొనుట, దొడ్డికి పోయి వచ్చుట, స్నానము, చొక్కా గుండీలు, ముద్ద కలుపుకొనుట, బడిలో పలక పట్టుట, ఆటలు, వంట, పొలము పని, ఆదివారము పాటల పుస్తకము తెరచుట, ఇవన్నియు అందులోనివే. ఈ పనులలో ఏది ఆగిపోయిందో చూచి, దానిని తిరిగి చేసేటట్లు నేర్పేవారే ఆక్యుపేషనల్ థెరపిస్టు. శరీరమును పనికి తగినట్లు సాధన చేయిస్తారు. శరీరము ఎంతకీ మారని చోట పనినే శరీరమునకు తగినట్లు మారుస్తారు. గిన్నె మార్చుదురు, పీట మార్చుదురు, గడప మార్చుదురు.

మరి ఫిజియోథెరపీ వేరా అని అడుగుతారు. ఆ రెండును అక్కచెల్లెండ్ర వంటివి. ఫిజియోథెరపిస్టు ముఖ్యముగా కండరముల బలము, కీళ్ళ కదలిక, నిలబడుట, నడచుట, నొప్పి తగ్గించుట చూస్తారు. ఓటీ చేసేవారు ఆ బలముతో రోజు ఎట్లు గడుస్తుందో చూస్తారు. చేయి పైకి లేపడము ఫిజియో నేర్పితే, ఆ చేతితో జుట్టు దువ్వుకొనడము ఓటీ నేర్పుతుంది. చాలమందికి రెండును కావాలి.

ఎక్కడ పుట్టింది, ఎట్లు వచ్చింది

ఈ విద్యకు నూరేండ్లు దాటినవి. 1917లో అమెరికాలో దీని కొరకు మొదటి సంఘము ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధములో గాయపడిన సైనికులను తిరిగి పనిలోనికి తెచ్చే ప్రయత్నములో ఇది బలపడింది. మన దేశమునకు దీనిని తెచ్చినవారు కమలా నింబ్కర్. ఆమె అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశమునే తన దేశము చేసికొన్నారు. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె మొదటి పాఠశాల ప్రారంభించారు. 1952లో అఖిల భారత సంఘము ఏర్పడింది. అదే సంవత్సరము స్థాపించబడిన ప్రపంచ సమాఖ్యలో మన దేశము స్థాపక సభ్యులలో ఒకటి.

మన పాఠకులకు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల తెలిసినదే. అక్కడ డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివరిలో కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. చేతులు విచ్చుకొన్నవి గాని చేయుటకు పని లేదు. బాగుపడిన చేయి చూచి జనము భిక్ష కూడ వేయడము మానివేశారు. చేతిని బాగుచేయుట సగము పని మాత్రమేనని, దానికి పని నేర్పుట మిగిలిన సగమని గ్రహించి వారికి చేతిపనులు నేర్పించారు. అదే కళాశాలలో చదివిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదములో వెన్నెముక దెబ్బతిని కాళ్ళు చచ్చుబడినవి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుండి కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. విదేశములలో పునరావాస వైద్యము నేర్చి వచ్చి ఆ విభాగమునకు అధిపతి అయ్యారు. ఆమె నడిపించిన పునరావాస సంస్థ 1966లో వేలూరులో ప్రారంభమైనది. 1972లో ప్రభుత్వము ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. కాళ్ళు తిరిగి రాలేదు, కాని ఆమె పని ఆగలేదు. తాటిచెట్టు మీద నుండి పడిన మన సహోదరునికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలసేపు మౌనముగా ఉండి, "ఆ కుర్చీ ఎంతుంటది?" అని అడిగాడు.

నకిరేకల్‌లో ఎక్కడ వెదకాలి?

ఉన్న మాట చెప్పుకొందాము. మన వంటి ఊళ్ళలో ఫిజియోథెరపీ బోర్డులు కనబడతాయి గాని ఓటీ బోర్డు అరుదు. ఈ విద్య నేర్పే కళాశాలలు కొద్ది, నేర్చినవారిలో ఎక్కువమంది పెద్ద పట్టణములలోనే ఉంటారు. అందుకని దగ్గర నుండి దూరమునకు, ఖర్చు లేనిదాని నుండి ఖర్చుగలదానికి ఒక వరుసలో వెదకండి.

మొదట మీ ఊరి అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడగండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పుట్టుక మొదలు పద్దెనిమిది ఏండ్లలోపు పిల్లలను పరీక్షిస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపములు, పోషకాహార లోపములు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యము, ఈ నాలుగును చూస్తారు. అవసరమైన పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుతారు. దానిని డైక్ అని పిలుస్తారు. అక్కడ సేవ ఉచితము. బిడ్డ ఆరు నెలలకు మెడ నిలుపకపోయినా, ఏడాదికి కూర్చుండకపోయినా, ఒక చేయి ఎప్పుడును పిడికిలి బిగించియే ఉన్నా, "మా ఇంట్ల అందరికీ ఆలస్యమే" అని ఊరకుండవద్దు. బృందము వచ్చే రోజు కనుగొని బిడ్డను తప్పక చూపించండి.

రెండవది భవిత కేంద్రము. ప్రత్యేక అవసరములు గల పిల్లల కొరకు విద్యాశాఖ మండల కేంద్రములలో వీటిని నడుపుతున్నది. అక్కడ ఇటువంటి పిల్లలకు బోధించుటకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులుంటారు. నిర్ణయించిన రోజులలో ఫిజియోథెరపిస్టు వస్తారు. రాలేని పిల్లల ఇంటికే ఉపాధ్యాయులు వెళ్ళే ఏర్పాటు కూడ ఉన్నది. మీ బడి ప్రధానోపాధ్యాయుని గాని మండల విద్యాధికారి కార్యాలయమును గాని అడిగితే వివరములు చెప్పుతారు.

మూడవది జిల్లా ఆసుపత్రులు. నకిరేకల్ నుండి నల్లగొండకును సూర్యాపేటకును పాతిక ముప్పై కిలోమీటర్లే. ఆ రెండు చోట్లను 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి. అక్కడికి వెళ్ళినప్పుడు ఓటీ అని మాత్రము అనకండి, ఆపరేషన్ గది చూపిస్తారు! ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్నారా, లేనియెడల ఎక్కడికి పంపుతారు అని పూర్తిగా అడగండి. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. చిట్యాల దగ్గర భువనగిరి దారి పట్టితే అక్కడికి చేరవచ్చును. అక్కడ ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ విభాగమును అడగండి. విరిగిన మనిషిని తిరిగి పనిలో నిలబెట్టుట ఆ విభాగపు బాధ్యత.

నాలుగవది హైదరాబాదు. బుద్ధి వికాసములో వెనుకబడిన పిల్లల కొరకు 1984లో సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. పూర్వము ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పుడు దాని పేరు ఎన్.ఐ.ఈ.పీ.ఐ.డీ. ఒకే ఆవరణములో పిల్లవానిని అనేక విధముల నిపుణులు పరీక్షిస్తారు. తల్లిదండ్రులకు నేర్పుట అక్కడ ముఖ్యమైన పని.

వారమువారము పోలేనివారు ఏమి చేయాలి?

అసలు బాధ ఇక్కడున్నది. హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైనే. తల్లి బిడ్డను ఎత్తుకొని బస్సెక్కితే ఆ దినము కూలి పోయినట్లే. నిమ్మకాయల కాలములో మార్కెట్టులో గ్రేడింగు పనికి పోయే స్త్రీకి ఒక్క రోజు మానితే మేస్త్రీ మరునాడు పిలుస్తాడో లేదో. నాలుగు వారములు పోయి, అయిదవ వారము చేతిలో డబ్బు లేక మానివేసిన కుటుంబములను మేము ఎరుగుదుము. మానివేసిన తరువాత, "మేమే బిడ్డకు అన్యాయం చేసినం" అని తల్లి తనను తాను నిందించుకొంటుంది. ఆ నింద ఆమె మోయవలసినది కాదు. పట్నములో కారు గల వారికి తగినట్లు వేసిన క్రమము పల్లెలో కూలికి పోయేవారికి పొసగదు, అంతే.

గనుక వేరొక మార్గము అడగండి. మొదటి దర్శనములోనే థెరపిస్టుతో, "మేము దూరము నుండి వచ్చాము, వారమువారము రాలేము. ఇంటి వద్ద మేము చేయదగినది నేర్పండి, రెండు మూడు నెలలకు ఒకసారి వచ్చి చూపించుకొంటాము" అని చెప్పండి. మంచి థెరపిస్టు దీనికి విసుగుకొనరు. వారానికి ఒక గంట అక్కడ జరిగే పనికంటె, దినమునకు మూడు పూటలు అన్నము తినేటప్పుడు ఇంటిలో జరిగే పని ఎక్కువ. వెళ్ళేటప్పుడు మూడు పనులు చేయండి. బిడ్డ తినే తీరు, కూర్చుండే తీరు, మీ ఇంటి గడప, స్నానపు చోటు ఫోనులో వీడియో తీసికొనిపోండి. పాత చీటీలన్నియు ఒక సంచిలో పెట్టుకొనండి. ఇంటిలో బిడ్డను ఎక్కువ సేపు చూచే మనిషి, అది నాయనమ్మ అయితే నాయనమ్మనే, వెంట తీసికొనిపోండి. తండ్రి నేర్చుకొని వచ్చి నాయనమ్మకు చెప్పితే సగము దారిలోనే పోతుంది.

అసలైనవారిని ఎట్లు గుర్తించాలి?

ఈ విద్యకు బి.ఓ.టీ. అనే పట్టా ఉన్నది. ఇది ఇంటర్మీడియెట్ తరువాత చేరే చదువు, అందులో కొంత ఆసుపత్రిలో పని నేర్చే కాలము. దాని పైన ఎం.ఓ.టీ. ఉన్నది. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ఈ వృత్తిని ఆరోగ్య వృత్తులలో ఒకటిగా చేర్చి, శిక్షణకును నమోదుకును ఒక జాతీయ కమిషను ఏర్పరచింది. కావున, "మీరు ఏమి చదివినారు?" అని మర్యాదగా అడుగుట తప్పు గాదు. చదివినవారు సంతోషముగా చెప్పుతారు.

ఒక గుర్తు చెప్పుతాము. మంచి థెరపిస్టు మొదట మిమ్మును ప్రశ్నలడుగుతారు. పొద్దున లేచినది మొదలు బాబు ఏమి చేస్తాడు, ఎవరు స్నానము చేయిస్తారు, నేల మీద కూర్చుండి తింటారా, బల్ల మీదనా, మీకు ముందుగా ఏ పని కావాలి అని అడుగుతారు. ఎదుట కూర్చుండబెట్టి తినిపించి చూస్తారు. రెండు మూడు పనులే నేర్పి, మీ చేత చేయించి చూస్తారు. దీనికి విరుద్ధముగా, బిడ్డను ముట్టకుండనే నలుబది రోజులలో నడిపిస్తామని మాట ఇచ్చేవారున్నారు. నెలల రుసుము ముందే కట్టుమనేవారున్నారు. తలుపు మూసి తల్లిని బయట నిలిపేవారున్నారు. తైలము మర్దనతో నరములు తెరచుకొంటాయని చెప్పి ఒక కుటుంబము చేత పాడిగేదెను అమ్మించిన వ్యక్తిని గూర్చి విన్నాము. మెదడుకు తగిలిన దెబ్బ మర్దనతో మానదు. అట్టివారి యొద్ద లేచి నమస్కారము పెట్టి వచ్చివేయండి.

మూడు ఇండ్లలో మూడు మార్పులు

ఇంతకును ఓటీలో ఏమి నేర్పుతారో తెలిసికొంటే భయము పోతుంది. ఈ క్రిందివి సాధారణముగా నేర్పే సంగతులు. ప్రతి శరీరము వేరు గనుక ఒకసారి నిపుణుని చేత చూపించుకొనిన తరువాతనే మొదలుపెట్టండి.

బాబు ముద్ద నోటికి చేర్చుకొనలేకపోవుటకు చేయి మాత్రమే కారణము కాదు. నడుము నిలువకపోతే చేయి నిలువదు. కావున మొదట కూర్చుండే తీరు చూస్తారు. నడుము వెనుకకు ఆని, మోకాళ్ళు వంగి, అరికాళ్ళు నేలకు లేక పీటకు తగిలేటట్లు కుర్చీ కావాలి. రెండు గోడల మూలవలె పలకలు కలిపి మన ఊరి వడ్రంగియే దానిని చేయగలడు, కొలతలు థెరపిస్టు ఇస్తారు. చెంచా కాడకు గుడ్డ గాని పాత సైకిలు ట్యూబు గాని చుట్టి లావు చేస్తే బిగుసుకొన్న పిడికిలికి పట్టు దొరుకుతుంది. అంచు ఎత్తుగల గిన్నె పెట్టి, అడుగున తడిగుడ్డ పరిస్తే గిన్నె జారదు. పలుచని చారన్నము కంటె ముద్దపప్పు కలిపిన అన్నము చేతికి అంటుకొని నిలుస్తుంది. పడుకోబెట్టి పోయుట ప్రమాదము. తినేటప్పుడు మాటిమాటికి పొలమారితే, దగ్గితే, తరచు జ్వరము, ఆయాసము వస్తే ఆలస్యము చేయక వైద్యునికి చూపించాలి. మొదటి దినములలో పది ముద్దలలో ఎనిమిది ఒడిలో పడతాయి. పడనివ్వండి. నేల కడగవచ్చును. తల్లి ఐదు నిమిషములలో తినిపించే అన్నము బిడ్డ ముప్పావు గంట తింటే ఆ ముప్పావు గంటయే చికిత్స.

చెట్టు మీద నుండి పడిన సహోదరునికి మొదటి శత్రువు పుండు. స్పర్శ లేని చోట ఒరిపిడి తెలియదు. మంచములో రెండు గంటలకొకసారి ప్రక్క మార్చాలి. కుర్చీలో కూర్చున్నప్పుడు పావుగంటకు, ఇరువది నిమిషములకు ఒకసారి చేతుల మీద బరువు ఆనించి పైకి లేవాలి. ప్రతి దినము పిరుదులు, మడమలు అద్దములో చూచుకొనాలి. మంచము మీద నుండి కుర్చీలోనికి తనంతట తానే మారుట, కుర్చీలో కూర్చుండి స్నానము చేయుట నేర్పుతారు. ఇంటి ముందు మెట్లు తీసి వాలుబాట వేయాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. నిటారుగా వేసిన బాట మీద కుర్చీ వెనుకకు దొర్లుతుంది. ఆ తరువాత ఏ పని చేసికొని బ్రతుకుతాడు అనే ప్రశ్న వస్తుంది. కుట్టుమిషనా, కిరాణమా, ఫోను రిపేరా అని ఆలోచించుట కూడ ఓటీలో భాగమే.

ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తున్నాము. ఎవరైనను చెట్టు మీద నుండి పడితే కాళ్ళు చేతులు పట్టుకొని ఎత్తకండి, కూర్చుండబెట్టి నీళ్ళు త్రాపకండి. మెడ, నడుము కదలనివ్వక, పడినచోటనే ఉంచి 108 వాహనమును పిలువండి. ఎత్తే తీరు వలన కూడ నష్టము పెరుగవచ్చును. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వము గీత కార్మికులకు కాటమయ్య రక్షక కవచము అనే కిట్లు ఇచ్చుట ప్రారంభించింది. ఇచ్చినవారు దానిని చూరుకు వ్రేలాడదీయక కట్టుకొని ఎక్కండి.

పక్షవాతము వచ్చిన తల్లికి కొన్ని చిన్న సంగతులు పెద్ద మేలు చేస్తాయి. రవికె తొడిగేటప్పుడు బలహీనమైన చేయి ముందు, విప్పేటప్పుడు అది చివర. లేపేటప్పుడు చచ్చుబడిన చేయి పట్టి లాగరాదు, భుజము కీలు జారుతుంది. కూరగాయ దొర్లకుండ చెక్కకు రెండు తుప్పు పట్టని మేకులు కొట్టి గ్రుచ్చి పెడితే ఒక చేతితోనే తరుగవచ్చును. "అమ్మా, నువ్వు కూర్చో" అని కోడలు ప్రేమతోనే అన్నీ చేసి పెడుతుంది. ఆ ప్రేమ వలన ఆ చేయి మరింత చచ్చుబడుతుంది. వంటింటిలో ఒక్క పని, పప్పులో రాళ్ళు ఏరుటయైనను, ఆమెకు తిరిగి అప్పగించండి. తనకొక పని ఉన్నదని తెలిసిన రోజున మనిషి చావును గూర్చి తక్కువ మాట్లాడుతుంది.

మన జిల్లాకు మరొక గాయమున్నది. ఫ్లోరైడు నీళ్ళు త్రాగి ఎముకలు బిగుసుకొనిపోయిన తరము ఇంకను మన మధ్యనున్నది. నీటిలోని ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తీసే పద్ధతికి లోకమంతట నల్లగొండ పేరే నిలిచింది. మంచినీళ్ళు వచ్చినను వంగిన నడుము సాగదు. మెడ త్రిప్పలేనివారికి, గొంతుకూర్చుండలేనివారికి ఎత్తైన పీట, పట్టుకొనుటకు గోడకు కడ్డీ, పొడవు కాడగల చెంబు అవసరము. ఇవి ఇనుప పని చేసేవారు మన బజారులోనే చేసి ఇవ్వగలరు.

హక్కులు, కాగితములు

2016 వికలాంగుల హక్కుల చట్టము ఇరువది యొక్క రకముల వైకల్యములను గుర్తించింది. 1995 చట్టములో ఏడు మాత్రమే ఉండేవి. యూ.డీ.ఐ.డీ. కార్డు తీసికొనండి, అన్నిటికి అదే తాళపుచెవి. మన రాష్ట్రములో వికలాంగుల పింఛను 2023 జూలైలో 4,016 రూపాయలకు పెరిగింది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యము గలవారికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఉన్నది. దాని పరిమితి సంవత్సరమునకు లక్ష రూపాయలు, థెరపీ ఖర్చులకు కూడ అందులో కొంత భాగము దొరుకుతుంది. ఈ కాగితములు నింపుట కూలికి పోయేవారికి కొండ ఎక్కినట్లుంటుంది. సంఘములోని చదువుకొన్న యౌవనస్థులు ఒక్క ఆదివారము మధ్యాహ్నము కూర్చుండి నింపి పెట్టలేరా?

సంఘము ఏమి చేయగలదు?

మెఫీబోషెతు మనకు తెలిసినవాడే. ఐదేండ్లప్పుడు దాది ఎత్తుకొని పరుగెత్తగా పడి రెండు కాళ్ళు కుంటివైనవి. దావీదు అతని కాళ్ళు బాగుచేయలేదు. తన బల్ల యొద్ద అతనికి నిత్యము చోటిచ్చెను. అతడు అక్కడ కూర్చుండి అందరితో పాటు భోజనము చేసెను. మనము కూడ స్వస్థత కొరకు ప్రార్థించుట మానము. అయితే ప్రార్థన ముగిసిన తరువాత ఆ బిడ్డ ఏ బల్ల యొద్ద కూర్చుంటాడు అనే ప్రశ్న మిగిలియున్నది. మన మందిరపు మెట్లు ఎన్ని? చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా? ప్రేమవిందులో ఆ బాబు ఒడిలో అన్నము పోసికొంటే ప్రక్కనున్నవారు ముఖము త్రిప్పుకొంటారా?

రెండు మూడు పనులు సూచిస్తున్నాము. నాలుగు కుటుంబములు వంతు వేసికొని నెలకొకరు బస్సు ఖర్చు భరిస్తే, మూడు నెలలకొకసారి హైదరాబాదు పోవుట కష్టము కాదు. తల్లి వెళ్ళిన రోజు ఇంటిలోని మిగిలిన పిల్లలకు ఒకరు వండి పెట్టాలి. మందిరమునకు వాలుబాట వేయుటకు సిమెంటు రెండు మూడు బస్తాలు, మేస్త్రీ ఒకటి రెండు రోజులు చాలును. ఇంకొకటి, ఆ బాబుకు ఆదివారము ఒక పని ఇవ్వండి. పాటల పుస్తకములు పంచుట, గంట త్రాడు పట్టుట, ఏదైనను సరే. ఏ థెరపిస్టును ఇవ్వలేని పని అది.

చివరిగా మన పిల్లలను గూర్చి ఒక మాట. ఇంటర్మీడియెట్‌లో బైపీసీ తీసికొన్న ప్రతి బిడ్డను మనము ఎం.బి.బి.ఎస్. వైపే నెట్టుతున్నాము. సీటు రాకపోతే జీవితము పోయినట్లు ఇల్లంతా ఏడుస్తున్నది. ఆ చదువుతోనే బి.ఓ.టీ.లో చేరవచ్చునని చాలమంది తల్లిదండ్రులకు తెలియదు. మన నకిరేకల్ నుండి ఒక్క అమ్మాయి గాని అబ్బాయి గాని ఆ చదువు చదివి, తిరిగి వచ్చి, మెయిన్ రోడ్డులో తెలుగులో ఒక బోర్డు పెట్టిన రోజున, కట్టంగూరు తల్లి బిడ్డను ఎత్తుకొని నూరు కిలోమీటర్లు పోనక్కరలేదు. ఈ సంవత్సరము మీ ఇంటిలో ఇంటర్ వ్రాస్తున్నవారు ఉంటే ఈ పేజీని వారి చేతికివ్వండి.

మీకు దగ్గరలో పట్టాగల ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎవరైనను తెలిసినయెడల, వారి అనుమతితో వివరములు మాకు ఒక కార్డు మీద వ్రాసి పంపండి. అడుగుతున్న కుటుంబములకు అందజేస్తాము. ఇంటి వద్ద మీరు చేసికొన్న కుర్చీ, గిన్నె, కడ్డీ వంటి ఉపాయములుంటే అవి కూడ వ్రాయండి. వచ్చే నెల మరొక కుటుంబ సమస్యతో కలిసికొందాము. అంతవరకు దేవుడు మీ ఇండ్లను కాపాడును గాక.